సందూకులో దొరికిన బయాన్
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వంశ చరిత్ర రాసుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఎలా రాసుకోవాలో బోధించే పాండిత్యం నాకు లేదు. మా ఇంటి సంగతి వెతకబోతే ఏం బయటపడిందో అది చెప్తాను. వినడానికి కొంచెం భయం కలిగించే సంగతి, బాధ కలిగించే సంగతీను.

మన ఇళ్ళలో షజరా అడగండి. మగవాళ్ళ పేర్లు ఐదారు తరాల దాకా గడగడా చెప్తారు. ఆడవాళ్ళ పేర్లు మూడో తరం దగ్గరే ఆగిపోతాయి. ఇక పసితనంలోనే పోయిన పిల్లల మాట సరేసరి. వాళ్ళు జిన్నుల కథల్లోనో, "అటు పోవద్దు, ఇటు చూడొద్దు" అనే మాటల్లోనో మిగిలి ఉంటారు.

మా ఊరు నల్గొండ జిల్లాలో మూసీ ఒడ్డున ఉంది. మా దాదీకి ఒక నియమం ఉండేది. చీకటి పడ్డాక ఏటి వైపు నుంచి ఎవరు తన పేరు పెట్టి పిలిచినా పలికేది కాదు. ఇంట్లోవాళ్ళే పిలిచినా సరే, గుమ్మం దాకా వచ్చి మళ్ళీ పిలిస్తేనే పలికేది. ఎందుకు దాదీ అంటే, "అది నన్ను కాదురా పిలిచేది" అనేది. ఈ నియమం ఆవిడకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన, అంటే మా ముత్తాత, మూసీ చేపను ఇంటి గడప తొక్కనిచ్చేవాడు కాదట. రంజాన్ మొదటి సహరీకి దస్తర్‌ఖాన్ మీద రెండు పళ్ళేలు ఎక్కువ పెట్టించేవాడట. వాటిలో వడ్డించింది తెల్లవారాక ఫకీరుకు ఇచ్చేసేవారు. దాదీ కూడా ఆ రివాజు తప్పలేదు. మేం పిల్లలం ఆ పళ్ళేలు జిన్నులకని అనుకుని దుప్పటి ముసుగు తన్నేవాళ్ళం.

అబ్బా కాలం చేశాక ఆయన సందూకు తీశాం. అడుగున గుడ్డలో చుట్టిన కాగితాలున్నాయి. నిజాం రాజ్యంలో 1884 నుంచి కచేరీల్లో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది గదా, ఇవీ ఉర్దూలోవే. కాకపోతే షికస్తా రాత, గొలుసులా కలిపి రాసింది. నేను చదువుకున్నది తెలుగు మీడియం, ఉర్దూ అచ్చక్షరాలే తడుముకుంటాను. ఒక ముసలి మౌల్వీ సాహెబు గారి దగ్గరకు రెండు వారాలు తిరిగితే ఆయన చదివి పెట్టారు. అందులో ఒకటి మా ముత్తాత అదాలత్‌లో ఇచ్చిన బయాన్ నఖలు. హిజ్రీ 1326 రంజాన్‌లో మునిగిపోయిన భార్య ఆస్తి గురించి.

భార్య అంటే మా ముత్తవ్వ కాదు. అంతకు ముందొక భార్య ఉండేదని మాలో ఎవరికీ తెలియదు.

హిజ్రీ 1326 రంజాన్ అంటే 1908 సెప్టెంబరు నెలాఖరు. హైదరాబాదు పాతవాళ్ళు తుగ్యానీ అని చెప్పుకునే మూసీ వరద వచ్చింది సెప్టెంబరు 28న, రంజాన్ నెల మొదలవుతుండగానే. నగరం ఎగువన మూసీకి నీళ్ళు చేరే ప్రాంతంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని తర్వాత విశ్వేశ్వరయ్య గారు లెక్క తేల్చారు. అఫ్జల్ పుల్, ముస్లింజంగ్ పుల్, చాదర్‌ఘాట్ పుల్ కొట్టుకుపోయాయి. 1578 నాటి పురానా పుల్ మాత్రం నిలబడింది. పోయినవాళ్ళు 15,000 దాకా ఉంటారని అంచనా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని మీరు వినే ఉంటారు. కవి అమ్జద్ హైదరాబాదీ గారు తల్లిని, భార్యను, కూతురిని ఆ వరదలోనే పోగొట్టుకుని ఒక్కరే మిగిలారు. తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువులు ఈ వరద పుణ్యమే. ఇదంతా పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో లేనిది మా సందూకులో ఉంది.

బయాన్‌లో ఖాజీ గారు అడిగిన ప్రశ్న ఒక్కటే: తల్లీకూతుళ్ళలో ముందు పోయింది ఎవరు?

మొదట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇదేం ప్రశ్న అనుకున్నాను. మౌల్వీ సాహెబు విడమరిచి చెప్పారు. ఒకే ప్రమాదంలో అయినవాళ్ళు కలిసి పోతే, ఎవరు ముందో ఎవరు వెనకో తెలియకపోతే, మన హనఫీ ఫిఖ్హ్ ప్రకారం వాళ్ళు ఒకరికొకరు వారసులు కారు. బతికున్న వారసులకే పంపకం. క్రమం తెలిస్తే లెక్క మారుతుంది. అఫ్జల్‌గంజ్ వైపు ఆ ఇల్లు ఆవిడకు పుట్టింటివారు ఇచ్చింది. గోడలు పోయినా స్థలం మిగిలింది. ఆవిడకు తల్లిదండ్రులు లేరు, ఉన్నది ఒక అన్న. తల్లి ముందు పోయి, బిడ్డ ఒక్క ఘడియ వెనక పోయినా, రూపాయిలో భర్తకు నాలుగణాలు, బిడ్డకు ఎనిమిదణాలు, అన్నకు నాలుగణాలు. ఆ బిడ్డ ఎనిమిదణాలూ మళ్ళీ తండ్రికే వస్తాయి, అంటే పన్నెండణాలు మా ముత్తాతవి. క్రమం తెలియదంటే బిడ్డ లెక్కలోకే రాదు. భర్తకు ఎనిమిది, అన్నకు ఎనిమిది.

మా ముత్తాత జవాబు ఒక్క ముక్కలో ఉంది. నేను చూడలేదు, నాకు తెలియదు.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే నేనూ అలాగే నమ్మేవాణ్ణి. అయితే మా దాదీ కూతురు, మా ఫుఫూ, తొంభై దాటిన మనిషి, ఇంకా ఉన్నారు. కాగితం సంగతి చెప్పగానే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తన నానా అంత్యకాలంలో చెప్పిన మాట చెప్పారు. తెల్లవారుజామున గోడ కూలినప్పుడే భార్య వెళ్ళిపోయింది. పిల్లను భుజాన వేసుకుని ఆయన పక్కింటి మిద్దె పట్టుకుని పొద్దెక్కేదాకా నిలబడ్డాడు. ఆ మిద్దె కూడా ఒరిగినప్పుడు పిల్ల చెయ్యి జారింది. చీకటి పడేదాకా నీళ్ళ వైపు చూస్తూ ఆ పిల్ల పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడట.

అంటే ఆయన చూశాడు. క్రమం ఆయనకు తెలుసు.

మరి అదాలత్‌లో తెలియదని ఎందుకన్నాడు? బిడ్డ ప్రాణం మీదుగా వచ్చే ఎనిమిదణాలు తినలేక అన్నాడని నా ఉద్దేశం. ఫుఫూ ఒప్పుకోరు. "ఆ మాట నోటికి రాలేదురా, అంతే" అంటారు. మౌల్వీ సాహెబేమో, సాక్ష్యం దాచడం తప్పే గాని, తన హక్కు తాను వదులుకున్నవాణ్ణి ఏమంటాం అన్నారు. నేను ఆ ముగ్గురి మధ్య తీర్పు చెప్పదలచుకోలేదు.

వచ్చిన ఎనిమిదణాలు కూడా ఆయన ఉంచుకోలేదు. భార్యకు బాకీపడ్డ మెహర్ కింద తన వంతు స్థలం బావమరిది పేర రాసిచ్చినట్టు రెండో కాగితం ఉంది. పట్నం వదిలి మా తాలూకాలో గుమాస్తాగా చేరి, మళ్ళీ నికా చేసుకున్నాడు. పట్నం వదిలినా మూసీ వదల్లేదు, ఆయనకు ఉద్యోగం దొరికిన ఊరు దాని ఒడ్డునే ఉంది. అక్కడ పుట్టిన మొదటి బిడ్డ మా దాదీ. ఆవిడకు నీళ్ళలో పోయిన పిల్ల పేరే పెట్టాడు. బయాన్‌లో ఆ పేరు చూసినప్పుడు మౌల్వీ సాహెబు మామూలుగా చదువుకుంటూ పోయారు. నేనే ఆపించి మూడుసార్లు చదివించుకున్నాను. "అది నన్ను కాదురా పిలిచేది" అని దాదీ అన్నది నిజమే. ఏటి ఒడ్డున పిలిచింది జిన్నూ కాదు, వాళ్ళ నాన్న.

ఆ తల్లీకూతుళ్ళ మయ్యత్ దొరకలేదు, జనాజా జరగలేదు. ఎక్కడో సమాధి చేశారన్న మాట కూడా కాగితాల్లో లేదు. నీట మునిగి పోయినవారికి షహాదత్ దర్జా ఉందని పెద్దలు చెప్తారు, అది మాకు ఊరట. మా షజరాలో ఇద్దరి పేర్లూ ఈ ఏడు రాయించాను. పరాయి సభలో ఆడవాళ్ళ పేర్లు చదవడం ఫుఫూకు ఇష్టం లేదు గనక ఇక్కడ చెప్పడం లేదు.

ఒక్క పని మిగిలింది. ఆ అన్నగారి సంతానం ఎక్కడున్నారో వెతుకుతున్నాను. అఫ్జల్‌గంజ్ దగ్గర అత్తరు వ్యాపారం చేసేవారని, 1908 తర్వాత ఏటి ఒడ్డున స్థలం వాళ్ళ చేతికి వచ్చిందని, ఇంతవరకే తెలుసు. మీలో ఎవరి ఇంట్లోనైనా "మా మేనత్త తుగ్యానీలో పోయింది" అన్న మాట వినబడి ఉంటే, భోజనాల దగ్గర నన్ను కలవండి. నఖలు నా సంచీలోనే ఉంది. సెలవు. ఖుదా హాఫిజ్.