అగమ్య ప్రదేశములు: వీడియో ఆటలో దొడ్డిదారులు

మనుష్యుడు తాను కల్పించిన ప్రతి లోకమునకును ఒక ఎల్ల గీయును. నాటకమునకు తెర ఉన్నది. కథకు ముగింపు ఉన్నది. చదరంగపు బల్లకు 64 గళ్లున్నవి. ఆ ఎల్లకు ఆవల ఏమున్నదని ప్రేక్షకుడు గాని పాఠకుడు గాని సాధారణముగా అడుగడు. అడిగినను పోయి చూచుటకు వీలులేదు. వీడియో ఆట మాత్రము ఇందుకు భిన్నమైనది. అందు ఆడువాడే నడచును. నడచువానికి గోడ అడ్డము వచ్చినచో దాని వెనుక ఏమున్నదో చూడవలెనను బుద్ధి పుట్టుట సహజము. తలుపు లేని చోట గోడలో దూరి, వంతెన లేని చోట నీటిని దాటి, ఆట కల్పించినవారు పోరాదన్న చోటికి పోవు ఉపాయములు సుమారు నలుబది సంవత్సరములుగా ఆటగాండ్ర నడుమ వ్యాపించి ఉన్నవి. ఈ ఉపాయములకు ఆధారమైన లోపమును వారు ‘గ్లిచ్’ అందురు. ఇవి పిల్లల చిలిపిచేష్టలు మాత్రమేనా, లేక వీనివలన తెలియదగినది ఏమైనను ఉన్నదా అని విచారించుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

చేరరాని చోట్లు మూడు విధములు. మొదటిది, ఆట రచయిత తానే కట్టి తానే దాచిన గది. రెండవది, అతడు బహిరంగముగానే కట్టి, కొన్ని వస్తువులు సంపాదించినగాని ప్రవేశింపరాదని నియమము పెట్టిన ప్రదేశము. మూడవది, ఎవ్వరును కట్టకయే ఏర్పడిన ప్రదేశము. మొదటిదానిని చేరుటకు రచయిత విడిచిన గుర్తులు చాలును. తక్కిన రెండింటికి మాత్రము ఆటలోని లోపమే దారి చూపును.

మొదటి విధమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము 1980లో అమెరికాలోని అటారీ సంస్థ వెలువరించిన ‘అడ్వెంచర్’ అను ఆట. దీనిని రచించినవాడు వారెన్ రాబినెట్. ఆ రోజులలో ఆ సంస్థ తన ఆటలపై రచయితల పేర్లు ప్రకటించెడిది కాదు. రాబినెట్ 4096 బైట్లలో ఇమిడిన ఆ ఆటలో, పైవారికి తెలియకుండ, ఒక గదిని అదనముగా చేర్చెను. నల్లకోటలోని చిక్కుదారుల నడుమ, వెనుకనున్న రంగులో కలిసిపోవు చిన్న చుక్క యొకటి కలదు. దానిని కనుగొని వేరొకచోటనున్న గోడయొద్దకు కొనిపోవు ఉపాయము తెలిసినవాడు ఆ గోడను దాటగలడు. ఆవలి గదిలో రచయిత పేరు వ్రాసి ఉండును. గుడి కట్టిన శిల్పి ఏ స్తంభము మాటుననో తన పేరు చెక్కుకొన్నట్టిది ఈ పని. అది దాచినవాడు ఒకడున్నాడు. వెదకువానికొరకు అతడు ఎదురుచూచుచున్నాడు.

రెండవ విధము మరింత విచిత్రమైనది. 1993లో జపాను దేశపు నింటెండో సంస్థ ‘గేమ్ బాయ్’ అను చేతి యంత్రముకొరకు ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: లింక్స్ అవేకనింగ్’ అను సాహసగాథను వెలువరించెను. ఆ యంత్రపు తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు గలది. కథానాయకుడైన లింక్ తుపానులో ఓడ పగిలి కోహోలింట్ అను ద్వీపమునకు కొట్టుకొనివచ్చును. ఆ ద్వీపములోని పర్వతశిఖరముపై ఒక పెద్ద గ్రుడ్డులో వాయుమత్స్యము నిద్రించుచుండును. ఎనిమిది నేలమాళిగలలో దాగిన ఎనిమిది వాద్యములను సంపాదించి, వానిని మ్రోగించి దానిని మేల్కొలుపవలెను. ఆ ద్వీపమంతయు నిద్రించుచున్న ఆ మత్స్యము కనుచున్న కలయే యని కథ సాగిన కొలది తెలియును.

ఈ ద్వీపము అడ్డముగా 16, నిలువుగా 16, మొత్తము 256 చిన్న తెరలుగా విభజింపబడినది. లింక్ ఒక తెర అంచునకు రాగానే పాత దృశ్యము జరిగి ప్రక్క దృశ్యము వచ్చును. ఈ తెరల నడుమ అడ్డంకులు పెక్కులున్నవి. గోతులను దాటవలెనన్న ఒక ఈక కావలెను. బరువైన రాళ్లను ఎత్తవలెనన్న బలమునిచ్చు కంకణము కావలెను. లోతు నీటిలో ఈదవలెనన్న ఈతరెక్కలు కావలెను. వస్తువు దొరకనిదే దారి దొరకదు. ఆ వస్తువు మరియొక కష్టము గట్టెక్కినగాని దొరకదు. రచయితలు ఈ క్రమమును ఎంతో శ్రద్ధతో కూర్చిరి.

ఇంత శ్రద్ధతో కట్టిన కోటకు ఒక మీట వలన బీట పడినది. గేమ్ బాయ్ మీద ‘సెలెక్ట్’ అను మీట కలదు. ఈ ఆటలో దానిని నొక్కినచో ద్వీపపు పటము కనబడును. లింక్ తెర అంచును దాటి, దృశ్యము జరుగుటకు ఆరంభమగు ఆ క్షణముననే సెలెక్ట్ నొక్కవలెను. ముందుగా నొక్కినచో పటము మాత్రమే తెరచుకొనును. ఆలస్యమైనచో దృశ్యము యథావిధిగా జరిగిపోవును. గేమ్ బాయ్ సెకనుకు సుమారు 60 పర్యాయములు తన తెరను తిరిగి చిత్రించును. అట్టి చిత్రణల నడుమనున్న సన్నని సందులో వ్రేలు పడవలెను. గురి తప్పనిచో పటము తెరచుకొనును. దానిని మూసి చూచునప్పటికి లింక్ క్రొత్త తెరలో ఉండును. అయితే ఉండవలసిన అంచున గాక, దాని కెదుటి అంచున ఉండును. నడుమనున్న గోయి, నది, బండరాయి అన్నియు వెనుకబడిపోయినవి!

ఇది ఎట్లు జరిగినది? లింక్ ఎక్కడ ఉన్నాడో యంత్రము రెండు లెక్కలుగా వ్రాసికొనును. అతడు ఎన్నవ తెరలో ఉన్నాడనునది ఒక లెక్క. ఆ తెరలో ఏ తావున ఉన్నాడనునది రెండవ లెక్క. కుడి అంచును దాటినప్పుడు ముందుగా తెర సంఖ్య మారవలెను. తరువాత లింక్ తావు కుడి అంచునుండి ఎడమ అంచునకు మారవలెను. ఈ రెండు పనుల నడుమ పటము చూపుమను ఆజ్ఞ వచ్చినచో, మొదటి పని జరిగి రెండవది నిలిచిపోవును. కరణము దస్తరములో గ్రామము పేరు మార్చి వ్రాసి, సర్వే నంబరు మార్చుటకు పూర్వమే వేరొక పనిమీద లేచిపోయెననుకొనుడు. అప్పుడు పాత ఊరి నంబరే క్రొత్త ఊరి పొలమునకు అంటుకొనును. రైతు ఎన్నడును చూడని చేనికి పట్టాదారుడగును. యంత్రము ఇందు ఏ నియమమును మీరలేదు. వ్రాసిన మాటలను వ్రాసినట్లే పాటించినది. వ్రాసినవారి ఉద్దేశమునకును, వారు వ్రాసిన అక్షరమునకును నడుమ మిగిలిన ఎడమే ఆ దొడ్డిదారి.

ఈ ఉపాయము చేతికి వచ్చినవాడు ద్వీపమున తనకు తోచిన క్రమములో తిరుగగలడు. నేలమాళిగలలో తాళము వేసిన తలుపులను దాటిపోగలడు. కాని దీనిలో అపాయమును ఉన్నది. ఎదుటి అంచున నేల లేక గోడ ఉండవచ్చును. అప్పుడు లింక్ ఆ గోడలోనే ఇరుకుకొనును. నాలుగు మీటలను ఒక్కసారి నొక్కి, ఆటను భద్రపరచి విడిచి, ఇదివరలో దాటిన ఒక వాకిటినుండి మరల ఆరంభింపవలసి వచ్చును. కావలసిన వస్తువు లేకయే లోపలికి పోయినవాడు వెలికి వచ్చు దారి తెలియక చిక్కుకొనుటయు కలదు. కావున ఈ దారిన పోవువాడు ద్వీపపు పటమును కంఠస్థము చేసి ఉండవలెను. ఆటను సక్రమముగా ఎరిగినవానికే అక్రమముగా ఆడుట సాధ్యము.

ఈ ఆటలోనే మరియొక అక్రమము కలదు. దానిని దీనితో పోల్చి చూడవలెను. ఊరిలోని అంగడిలో, అంగడివాడు మొగము త్రిప్పిన సమయమున వస్తువును ఎత్తుకొని డబ్బు చెల్లింపకయే బయటపడవచ్చును. అది మొదలు ఆటలోని వారందరును లింకును ‘దొంగ’ యని పిలుతురు. మరల ఆ అంగడిలో కాలు పెట్టినచో అంగడివాడు ప్రాణము తీయును. ఈ దొంగతనమును రచయితలు ముందుగా ఊహించిరి; కనుకనే శిక్షను కూడ వ్రాసి ఉంచిరి. తెరల సందున దూరినవానిని మాత్రము ఎవ్వరును దొంగ యనరు. ఊహింపని నేరమునకు శిక్ష ఎక్కడినుండి వచ్చును? అంగడిలో దొంగిలించువాడు రచయిత మనస్సులోనే సంచరించుచున్నాడు. సందున దూరినవాడు ఆ మనస్సు దాటి యంత్రమును ముట్టినాడు.

ఇక మూడవ విధము. 1986లో జపానులో వెలువడిన ‘మెట్రాయిడ్’ అను ఆటలో కథానాయిక సేమస్. ఆమె తలుపు నడుమ నిలిచి ఉండగా తలుపు మూసికొనునట్లు చేసి, చెండువలె ముడుచుకొనుట, లేచుట అను రెండు పనులను వెంటవెంటనే మార్చి మార్చి చేసినచో, ఆమె గోడలోనుండి పైపైకి ప్రాకిపోవును. అట్లు పోయినవారికి ఏ పటమునను లేని గదులు, అర్థము లేని మెట్లు, అంతు లేని నడవలు కనబడినవి. రచయితలు రహస్యలోకములను దాచినారని పిల్లలు నమ్మిరి. నిజము వేరు. ఈ ఆట పటము 32 నిలువు వరుసలు, 32 అడ్డు వరుసలు గల ఒకే పట్టిక. ప్రతి గడిలోను ఒక గది సంఖ్య ఉండును; ఆ సంఖ్యకు ఏ గది అని అర్థము చెప్పునది ఆ యా ప్రాంతపు జాబితా. సేమస్ గోడలోనుండి ఎల్ల దాటినను యంత్రము పాత ప్రాంతపు జాబితానే చేతబట్టి ప్రక్క ప్రాంతపు సంఖ్యలను చదువును. ఒక ఊరి చిరునామాలను పట్టుకొని మరియొక ఊరిలో ఇండ్లు వెదకినట్లు గదులన్నియు తారుమారగును. అంతకు ముందటి యేడు, 1985లో, వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆటలోని ఋణలోకము కూడ ఇట్టిదే. అచ్చటి లోకము సంఖ్య నిజమునకు 36. ఆ యంత్రములో 36వ బొమ్మ ఖాళీ గడి యగుటచే, ‘36-1’ అనునది తెరపై ‘-1’గా కనబడినది. అమెరికాలో అమ్మిన ప్రతిలో దాని కొసకు చేరినవాడు మరల మొదటికే వచ్చును. ఈ లోకములను ఎవ్వరును కట్టలేదు. అయినను వేలకొలది పిల్లలు వానిలో తిరిగిరి.

ఇదంతయు మోసము కాదా యని శ్రోతలలో కొందరికి తోచవచ్చును. ఎదుటివానితో పందెమాడునప్పుడు, అతనికి తెలియకుండ ఇట్టి ఉపాయమును వాడినచో అది నిస్సంశయముగా మోసమే. అందువలననే ఆటను అతిశీఘ్రముగా ముగించు పోటీలలో లోపములను వాడు పద్ధతికి ఒక తరగతి, వాడరాని పద్ధతికి మరియొక తరగతి ఏర్పరచుకొన్నారు. ఎవరు ఏ నియమమునకు లోబడి ఆడిరో అందరికిని తెలిసి ఉండును. ఒంటరిగా కూర్చుండి తన చేతి యంత్రములో గోడలను తట్టి చూచువాడు ఎవరిని మోసగించుచున్నాడు? గడియారమును విప్పి చూచు బాలుని వంటివాడు వాడు. ఎవ్వరును నేర్పకయే వానికి యంత్రపు లెక్క, క్రమము, జ్ఞాపకశక్తి అనువానిని గూర్చి కొంత తెలిసినది.

మరియొక ప్రశ్న కలదు. అది ఇంతకంటె గట్టిది. తెలిసిన లోపమును దిద్దుట న్యాయమా, ఉంచుట న్యాయమా? లింక్ కథను నింటెండోవారు 1998లో రంగులతో మరల వెలువరించినప్పుడు సెలెక్ట్ మీట వలని సందును పూడ్చివేసిరి. 2019లో క్రొత్త యంత్రముకొరకు ఆ కథనే తిరిగి నిర్మించినప్పుడు ద్వీపపు తెరల నడుమనున్న గీతలే తొలగిపోయినవి. ఇప్పుడు లింక్ ఊరినుండి అడవికి ఒకే దృశ్యమున నడచిపోవును. అతుకు లేదు, అతుకులోని సందును లేదు. ఆటను క్రొత్తగా కొన్న పసివాడు గోడలో చిక్కుకొని ఏడువకుండుట మేలే. దిద్దుట రచయిత ధర్మము.

అయినను దిద్దిన ప్రతి ఒక్కటే మిగులుట మేలు కాదు. తాళపత్రములో లేఖకుని పొరపాటును సవరించు పరిష్కర్త, మంచివాడైనచో, పాత పాఠమును పుట అడుగున చూపును. ఆ పొరపాటును బట్టియే ఆ ప్రతి ఎక్కడ పుట్టినదో, ఏ చేతినుండి ఏ చేతికి వచ్చినదో పండితులు కనిపెట్టుదురు. ఆటల విషయమునను ఈ మర్యాదయే పాటింపదగినది. 1993 నాటి ఆ చిన్న పేటికలలో ఆటగాని ప్రయాణమును గుర్తుంచుకొనునది ఒక చిన్న బ్యాటరీ; ఏండ్లు గడచిన కొలది అది ఉడిగిపోవును. ఆ పేటికలును, వానిలోని మొదటి పాఠమును, ఆ సందులు ఎట్లు దొరకినవో చెప్పగల ఆటగాండ్ర మాటలును భద్రపరుపబడవలెను. సవరించిన ప్రతిని ఆడుటకు ఉంచుకొందము. సవరింపని ప్రతిని తెలిసికొనుటకు ఉంచుకొందము.

కోహోలింట్ ద్వీపము కల యని కథయే చెప్పుచున్నది. వాయుమత్స్యము మేల్కొనగానే ద్వీపమును, అందలి జనులును మాయమగుదురు. రచయితలు ఆ మాటను కథ చివరకు దాచి ఉంచిరి. తెరల సందున దూరిన బాలునికి మాత్రము, అది అతుకులు పెట్టి కుట్టిన లోకమని మొదటి దినముననే తెలిసినది. తెలిసినను అతడు ఆట మానలేదు. ద్వీపమును మరింత ప్రీతితో గడి గడియు వెదకెను. కల్పన ఎట్లు కట్టబడినదో తెలిసికొన్నంత మాత్రమున కల్పనపై మమత తరుగదు. కట్టినవారి చేతిపనియందు గౌరవము పెరుగును.