గ్రంథాలయమున క్రొత్త కంప్యూటరు వ్యవస్థ: సాఫ్టువేరు స్థాపనలో చిక్కులు, పరిష్కారములు
(రజతోత్సవ సభకై సిద్ధపఱచిన ఉపన్యాసము)



25 ఏండ్ల క్రిందట గ్రామ గ్రంథాలయమనగా నొక గది, రెండు మూడు బీరువాలు, ఒక చందాల పుస్తకము, వార్తాపత్రికలు పఱచిన యొక బల్ల. నేడు అనేక గ్రామములలో ఆ బల్ల ప్రక్కనే కంప్యూటరు కూడ చేరినది. సభ్యుల పేర్లు, పుస్తకముల పద్దులు దానిలోనే యున్నవి. ఉద్యోగములకు దరఖాస్తులు పంపుకొను యువతీయువకులు, పంటల ధరలు తెలిసికొనగోరు రైతులు దానియొద్దకే వచ్చుచున్నారు. ఆ యంత్రము మూలబడినచో నిండు బీరువాకు తాళము వేసి తాళపుచెవి పాఱవేసినట్లే యగును.

అట్టి పాత యంత్రములకు 2025లో నొక చిక్కు వచ్చినది. మైక్రోసాఫ్టు సంస్థ 2015లో విడుదల చేసిన విండోసు 10 అను వ్యవస్థకు సాధారణముగా నిచ్చుచుండిన మరమ్మతులు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినవి. పరిమితకాలపు అదనపు ఏర్పాటు మాత్రము చేయబడినది. తరువాతిదైన విండోసు 11 నడచుటకు 4 గిగాబైట్ల మెమొరీ, 64 గిగాబైట్ల నిల్వచోటు, టీపీఎం 2.0 అను భద్రతా సాధనము ఉండవలెనని నియమము. చక్కగా పనిచేయుచున్న పాత యంత్రములనేకము ఈ నియమమునకు సరిపడవు. మరమ్మతులు ఆగినంత మాత్రమున యంత్రము ఆగిపోదు. కాని గోడకు క్రొత్తగా పడిన కన్నమును పూడ్చువాడు లేని యిల్లు ఎంత భద్రమో, ఇంటర్నెట్టునకు తగిలించిన ఆ యంత్రమును అంతే భద్రము.

క్రొత్త యంత్రము కొనుటకు నిధులు లేని గ్రంథాలయమునకు మఱియొక త్రోవ కలదు. అదియే లినక్సు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమమును, 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ వ్రాసిన కెర్నెలును కలిసి యీ వ్యవస్థకు మూలమైనవి. దీనిని కూర్చి యందించు పంపిణీలలో డెబియను 1993లోను, దానిపై నాధారపడిన ఉబుంటు 2004లోను మొదలైనవి. ఇవి వెల లేకుండ లభించును. 64 బిట్ల ప్రాసెసరు గల పాత యంత్రములలో పెక్కింటిపై చక్కగా నడచును.

ఐనను మార్పు చేసికొన్నవారిలో పలువురు మొదటి వారములోనే విసిగి పాతదానికి మరలుచున్నారు. దోషము క్రొత్త వ్యవస్థలో కంటె పాత అలవాటులో నెక్కువగా నున్నది. ఒక గ్రంథపాలకుడు ఈ మార్పు చేసెననుకొనుడు. అతడు మున్ను చేసినట్లే ఇంటర్నెట్టులో వెదకి, ప్రోగ్రాము ఫైలు నొకదానిని దింపుకొని, దానిపై రెండుమార్లు నొక్కును. అది తెఱచుకొనదు. మఱల దింపుకొనును, మఱల నొక్కును. సాయంకాలమునకు “ఈ లినక్సు పనికిరాదు” అను నిర్ణయమునకు వచ్చును.

అది యేల తెఱచుకొనలేదు? ప్రోగ్రాము తనంత తానుగా తెరపై అక్షరమును చూపలేదు, ఫైలును తెఱవలేదు, ప్రింటరును కదలింపలేదు. ప్రతి పనికిని తానున్న వ్యవస్థను అడుగవలెను. విండోసును అడుగు పద్ధతి వేఱు. లినక్సును అడుగు పద్ధతి వేఱు. ఒక మరకు కోసిన బోల్టు వేఱొక మర గల నట్టులో నెక్కదు. ఇనుము మంచిదే, చేయి గట్టిదే, మర మాత్రము వేఱు. రెండింటి నడుమ దుబాసివలె నిలుచు వైన్ అను సాధనము కలదు గాని, దానిచే కొన్ని ప్రోగ్రాములు నడచును, కొన్ని నడువవు. కావున దానిని చివరి యుపాయముగా నుంచుకొనుట మేలు.

క్రొత్త పద్ధతిని గ్రంథాలయ సభ్యులు ఇతరులకంటె సులభముగా గ్రహింపగలరు. లినక్సులో సాఫ్టువేరు సంతలో కొను సరకు కాదు. గ్రంథాలయమునుండి తెచ్చుకొను పుస్తకము. ప్రతి పంపిణీకిని రిపాజిటరీ యను నొక భాండారమున్నది. దానికొక కేటలాగు కలదు. కావలసినదానిని పేరుపెట్టి అడిగినచో, ఆప్ట్ అను సాధనము కేటలాగు చూచి, దానిని తెచ్చి, భాండారపు డిజిటలు ముద్రచే పరీక్షించి, తగినచోట నమర్చును. మధ్యలో ఎవరైన మార్చిన సరకు ముద్ర పరీక్షలో నిలువదు. ఆజ్ఞలు టైపు చేయుటకు జంకువారికి అదే భాండారము బొమ్మలతో, మీటలతో కూడ తెఱపై లభించును.

ఇందులో నొక విశేషము కలదు. అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొను భాగములను కంప్యూటరు నిపుణులు లైబ్రరీలనియే పిలుతురు. ఒక ప్రోగ్రామునకు మఱియొక లైబ్రరీ అవసరమైనచో, ఆప్ట్ దానినికూడ వెంట తెచ్చును. బయటినుండి విడిఫైలును తెచ్చి బలవంతముగా నెక్కించినపుడు మాత్రము ఈ లెక్క తప్పును. ప్రోగ్రాము కోరిన కూర్పు ఒకటి, యంత్రములోనున్న కూర్పు ఇంకొకటి యగును. “అవసరములు తీరలేదు” అను హెచ్చరిక వచ్చుట యందులకే.

సామాన్యముగా ఎదురగు మఱికొన్ని చిక్కులు చెప్పదగియున్నవి.

మొదటిది, అడిగిన పేరు కనబడలేదనుట. అట్టియెడ కేటలాగు పాతదై యుండవచ్చును. ముందుగా “ఆప్ట్ అప్‌డేట్” అను ఆజ్ఞతో దానిని క్రొత్తదిగా చేయవలెను. పిమ్మట పేరులోని అక్షరములను సరిచూడవలెను. భాండారములోని యొక విభాగము మూయబడి యున్నదేమో కూడ చూడవలెను.

రెండవది, అనుమతి లేదనుట. వ్యవస్థను మార్చు అధికారము నిర్వాహకునిదే. అతడు “సుడో” అను మాట ముందుంచి తన పాస్‌వర్డు నీయవలెను. అది టైపు చేయునపుడు తెరపై చుక్కయైనను కనబడకపోవచ్చును. కీబోర్డు చెడినదని పలువురు భ్రమపడుచుందురు. అది రహస్యరక్షణకై చేసిన యేర్పాటు.

మూడవది, తాళము చిక్కలేదనుట. వేఱొక స్థాపన లోలోపల జరుగుచున్నదని దాని భావము. ఒకే కేటలాగులో ఇద్దఱు ఒకేసారి వ్రాయకుండుటకై ఈ తాళము వేయబడును. కొంతసేపు వేచియున్నచో తనంతనే విడిపోవును. తొందరపడి తాళపు ఫైలును తుడిచివేయుట ప్రమాదము.

నాలుగవది పల్లెటూళ్లకు బాగుగా తెలిసినదే: పని మధ్యలో కరెంటు పోవుట. అప్పుడు వ్యవస్థనంతటిని తుడిచి మఱల మొదలుపెట్ట నక్కఱలేదు. డీపీకేజీ అను సాధనముచే సగములో నిలిచిన పనిని పూర్తిచేయించి, పిమ్మట ఆప్ట్‌చేత తెగిన లంకెలను సరిచేయించిన చాలును. ఆ మాట తరచుగా హెచ్చరికలోనే వ్రాసియుండును. హెచ్చరికను చదువకుండ తెరను మూయుటయే సగము కష్టములకు కారణము. వచ్చిన వాక్యమును ఉన్నదున్నట్లు కాగితముపై వ్రాసికొనినవానికి సహాయము చేయుట తెలిసినవారికి సులభము. “ఏదో వచ్చినది, పోయినది” అనువానికి ఎవరును సహాయము చేయజాలరు.

భాండారములో లేని సాఫ్టువేరు అవసరమైనచో నేమి చేయవలెను? దీనికి గ్రంథాలయములకు సంబంధించిన మంచి యుదాహరణమే కలదు. న్యూజీలాండులోని హొరోఫెనువా గ్రంథాలయ సంస్థవారి పాత కంప్యూటరు పద్ధతి 2000వ సంవత్సరపు తేదీలను నమ్మకముగా లెక్కింపజాలదని తేలగా, వారు 1999లో క్రొత్తదానిని వ్రాయించి, 2000 జనవరిలో వాడుకలోనికి తెచ్చి, లోకమునకు ఉచితముగా నిచ్చిరి. దాని పేరు కోహా. మావోరీ భాషలో కానుక యని అర్థము. భారతదేశములోను అనేక గ్రంథాలయములు దీనిని వాడుచున్నవి. కోహాను నిర్మించువారు డెబియను పద్ధతి యంత్రములకై తమ స్వంత భాండారమును నడుపుచున్నారు. దాని చిరునామాను, ముద్రను పరీక్షించు తాళపుచెవిని యంత్రమునకు తెలిపినచో, తక్కినది ఆప్ట్ చూచుకొనును. పరాయి భాండారమును చేర్చవలసివచ్చినపుడు నిర్మాతలదేనని నిశ్చయించుకొని, తన యంత్రములోని కూర్పునకు తగినదేనని సరిచూచి, చేర్చిన తేదీని పుస్తకములో వ్రాసికొనవలెను. ఎవరో ఎక్కడనో వ్రాసిన ఆజ్ఞను అర్థము తెలియక సుడోతో నడపుట, ముక్కు మొగము తెలియనివానికి బీరువా తాళములిచ్చుట వంటిది.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. పూర్వము తెలుగులో టైపు చేసిన ఫైళ్లలో అనేకము ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు రూపములనుంచిన ఫాంటులతో తయారైనవి. ఆ ఫాంటు లేని యంత్రముపై అవి అర్థములేని ఆంగ్లాక్షరములుగా కనబడును. సమాచారము పోలేదు గాని, చదువు త్రోవ తప్పినది. యూనికోడులో తెలుగునకు 1991లోని మొదటి కూర్పునుండియు స్థానము కలదు. కావున వ్యవస్థను మార్చుటకు పూర్వమే పాత ఫైళ్లను యూనికోడులోనికి మార్చి, ఒత్తులు, గుణింతములు సరిచూచి, పాతప్రతినికూడ దాచుకొనవలెను. యూనికోడు తెలుగు ఫాంటులు భాండారములోనే లభించును. ఇన్‌స్క్రిప్టు కీబోర్డును సెట్టింగులలో ఎన్నుకొనవచ్చును. ఉచ్చారణను బట్టి టైపు చేయువారికి తగిన పద్ధతులును కలవు.

ఇన్నిటికంటె ముఖ్యమైనది ముందుచూపు. మార్పునకు ముందు పెన్‌డ్రైవు నుండియే లినక్సును నడపి, పాతదానిని చెఱుపకుండ పరీక్షింపవచ్చును. ప్రింటరు పనిచేయుచున్నదా, వైఫై అందుచున్నదా, తెలుగు కనబడుచున్నదా యని అప్పుడే చూడవలెను. వైఫై అందనిచో యుఎస్‌బీ తీగతో ఫోనును తగిలించి ఇంటర్నెట్టును తెచ్చుకొనవచ్చును. సభ్యుల పట్టిక, పుస్తకముల పద్దులు వేఱొక డిస్కునకు నకలు తీసి, ఆ నకలు తెఱచుకొనుచున్నదని కంటితో చూచిన పిమ్మటనే ముందడుగు వేయవలెను. 25 ఏండ్ల పద్దు ఒక్క తప్పు నొక్కుతో పోయినచో తిరిగి రాదు.

ప్రోగ్రాముల పేర్లకు మారుగా పనుల పట్టిక వ్రాయుటయు అవసరము. “ఫలానా ప్రోగ్రాము కావలెను” అనుటకంటె “ఉత్తరములు వ్రాయవలెను, జమాఖర్చు లెక్కింపవలెను” అని వ్రాసినచో ఆ పనులకు లిబ్రాఫీసు వంటివి భాండారములోనే కనబడును. ఏదైన యొక పని విండోసుపై మాత్రమే జరుగునని తేలినచో, దానికొఱకు ఒక యంత్రమును మార్పకుండ నుంచుట వివేకమే కాని ఓటమి కాదు.

క్రొత్త గ్రంథాలయములో ప్రవేశించినవాడు తన యింటి బీరువాలోని అరను అక్కడ వెదకడు. కేటలాగు ఎక్కడనో అడుగును, పద్ధతి తెలిసికొనును, పుస్తకము తెచ్చుకొనును. ఆ వినయమే క్రొత్త వ్యవస్థలోను దారిచూపును. ఒకరు నేర్చినది నోటుపుస్తకములో వ్రాసి బల్లపై నుంచినచో, తరువాతివాడు ఆ కష్టమును మఱల పడనక్కఱలేదు. గ్రంథాలయము పుట్టినదే అందులకు. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము యంత్రములు మాఱినను, వ్యవస్థలు మాఱినను, వచ్చినవారికెల్లరకు తలుపులు తెఱచి స్వర్ణోత్సవమును చూచునుగాక!