వాన కోరిన జుమా, వరద వచ్చిన జుమా



తుఫానులు సముద్రతీరం వారి బాధలని మెట్టప్రాంతం వాళ్ళం అనుకుంటాము. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మన దుఆ ఎప్పుడూ వాన కోసమే. 2009లో రుతుపవనాలు ముఖం చాటేశాయి. తీరా సెప్టెంబరు చివర అల్పపీడనం తెచ్చిన కుండపోతకు కృష్ణా, తుంగభద్రా పొంగాయి. శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటిపోయింది. అక్టోబరు 2, శుక్రవారం కర్నూలు మునిగింది. తుంగభద్రకు ఈవలి ఒడ్డున మన అలంపురమూ ఆ వరదలోనే చిక్కింది.

అటువంటి వేళ ‘వాళ్ళ పాపం పండింది’ అనే మాట మన నోట ఎంత తేలికగా వస్తుందో!

ఒక జుమా నాడు మహాప్రవక్త (స) ఖుత్బా ఇస్తుండగా ఒక వ్యక్తి వచ్చి, పశువులు నశిస్తున్నాయి, వాన కోసం ప్రార్థించండని వేడుకున్నట్లు హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ప్రవక్త (స) ప్రార్థించారు. వారమంతా ఎడతెగని వాన. మరుసటి జుమాకు, ఇళ్ళు కూలుతున్నాయన్న మొర! నీవేం పాపం చేశావని ప్రవక్త (స) అడగలేదు. మీరే కోరారు కదా అని దెప్పలేదు. చేతులెత్తి, ఆ వానను చుట్టుపక్కల కొండలకూ లోయలకూ చెట్ల మొదళ్ళకూ మళ్ళించమని అర్థించారు. గమనించండి, వానే వద్దనలేదు.

కనుక వరదలో ఇల్లు పోయినవానికి ముందు అన్నం పెట్టండి, దుప్పటి ఇవ్వండి. అతని మతం అడగకండి. ఉపదేశం తరువాత చూసుకోవచ్చు.

ఓ అల్లాహ్! మా చెరువులు నిండేంత, మా పొరుగువారి మట్టిగోడలు ఓర్చుకోగలిగినంత వర్షాన్ని ప్రసాదించు. ఆమీన్.