లంగరు ఒకటి, ఏకాంతం ఒకటి

యాంకర్ అనగానే మనకు టీవీ కార్యక్రమం నడిపేవారు గుర్తొస్తారు. నిజానికి ఆ మాటకు మొదటి అర్థం లంగరు. గ్రీకులో దాని పేరు ‘అంకురా’. వంకరగా ఉండేది అన్న భావంలోంచి పుట్టింది. మన ‘అంకుశం’ కూడా ఆ కుదుటి మాటే. ఓడలు లంగరు వేసుకునే చోటు యాంకరేజ్.

ఇంగ్లీషులో ‘యాంకరైట్’ అని మరో మాట ఉంది. తోబుట్టువులా వినిపిస్తుంది కానీ పుట్టిల్లు వేరు. ‘వెనక్కి తప్పుకోవడం’ అనే గ్రీకు క్రియ దీనికి మూలం. లోకాన్ని వదిలి, ఒకే గదిలో ప్రార్థనతో బతికే క్రైస్తవ ఏకాంతవాసి అని అర్థం. స్త్రీ అయితే యాంకరెస్. ‘హెర్మిట్’ కూడా ఏకాంతవాసే. ఆ మాట గ్రీకులో ఎడారి నుంచి వచ్చింది. హెర్మిట్ ఊళ్లు తిరగవచ్చు, యాంకరైట్ గది దాటకూడదు.

మధ్యయుగపు ఇంగ్లండులో ఆ గది చర్చి గోడకు ఆనుకుని ఉండేది. లోపలికి వెళ్లేవారికి చాలాచోట్ల చనిపోయినవారి కోసం చేసే ప్రార్థనలే చేసేవారు. నారిచ్ నగరంలో అలా జీవించిన జూలియన్ 1373లో తనకు కలిగిన దర్శనాల గురించి రాసింది. స్త్రీ రాసిందని తెలిసి, నేటికీ మిగిలిన ఇంగ్లీషు పుస్తకాల్లో అదే అతి పాతది.

13వ శతాబ్దంలో యాంకరెస్‌ల కోసం రాసిన ‘ఆంక్రెన్ విస్సే’ అనే నియమావళి ఈ రెండు మాటలతో చమత్కారం చేసింది: ఓడకు లంగరెలాగో, చర్చికి యాంకరెస్ అలాగట! పెంచుకోవడానికి మాత్రం ఒక్క పిల్లికే అనుమతి.