అమ్మ గోంగూర అడిగిన ప్రశ్న

ఈవారం కబురు మా పెరటి గోంగూర గురించి.

కిందటేడు మా అమ్మ వేసవికి అమెరికా వచ్చి, గరాజు గోడవారన గోంగూర వేసింది. మా ఇల్లు 1950ల నాటిది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని ఇక్కడ 1978లో నిషేధించారు కానీ, అంతకుముందు రాలిన పెచ్చులు మట్టిలోనే ఉంటాయి కదండీ. పరీక్ష చేయిస్తే సీసం ఎక్కువని తేలింది. కోసిన ఆకంతా పారేద్దామన్నాను. అమ్మ నొచ్చుకుంది. "విషమైతే మొక్క ఇంత ఏపుగా ఎలా పెరుగుతుందిరా?" అంది.

మొక్కల శాస్త్రం చదివినవాణ్ణి, అయినా చప్పున జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

మొక్క లేచి వెళ్ళిపోలేదు. ఉన్న మట్టితోనే కాపురం. అందుకని కణం లోపల సర్దుబాట్లు చేసుకుంటుంది. ఈ పనిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే బుల్లి తునకలున్నాయి. పొడుగు సుమారు 21 అక్షరాలు, అంతే. ఫలానా ప్రోటీను తయారుచెయ్యమని జన్యువు పంపిన చీటీని ఇవి దారిలోనే పట్టుకుని చింపేస్తాయి. వీటిని మొదట 1993లో ఒక పురుగులో కనిపెట్టిన ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

రాగి సంగతి చూడండి. అది మొక్కకి కాస్త కావాలి, ఎక్కువైతే విషం. రాగి కరువైతే 398వ నంబరు మైక్రో ఆర్‌ఎన్‌ఏ పెరిగి, రాగిని తినే ఒక ఎంజైము చీటీలను చింపుతుంది. ఉన్న కాస్త రాగీ ఆకులో ఎండని ఆహారంగా మార్చే పనికి మిగులుతుంది. నెలాఖరులో అమ్మ నూనె డబ్బా వాడినట్టే! రాగి ఎక్కువైతే అదే ఆర్‌ఎన్‌ఏ తగ్గుతుంది, ఎంజైము పెరిగి లోహం రేపిన మంటను ఆర్పుతుంది. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో దీన్ని 2006లో రామాంజులు సుంకర్, ఆయన సహచరులు చూపించారు.

మనం రోజూ తినే వరి మాటకొస్తే, భయం కాడ్మియంతో. జపాన్‌లో జింజు నది నీటితో పండిన బియ్యం తిన్నవాళ్ళ ఎముకలు గుల్లబారాయి. అది కాలుష్యం తెచ్చిన జబ్బేనని ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. 166వ నంబరు ఆర్‌ఎన్‌ఏని పెంచిన ప్రయోగశాల వరిలో కాడ్మియం గింజలోకి తక్కువ చేరిందని 2018లో చైనా శాస్త్రజ్ఞులు రాశారు. నాకు ఆశ కలిగించిన పని అది.

అయితే అమ్మా, ఈ ఏర్పాట్లన్నీ మొక్క తన ప్రాణం కోసం చేసుకునేవి, మన కోసం కాదు. లోహాన్ని కణంలో ఓ మూల దాచుకుని అది పచ్చగానే ఉంటుంది. సీసమైతే ఎక్కువ భాగం వేళ్ళ దగ్గరే ఆగుతుంది కానీ, ఆకుకంటిన దుమ్ము సంగతేమిటి? ఇంట్లో మూడేళ్ళ పిల్ల ఉంది.

ఈ ఏడు గోడకి దూరంగా చెక్కపెట్టె చేయించి, కొన్న మట్టి పోశాను. విత్తనాలు అమ్మ పంపినవే. మొలకలొచ్చాయి. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ "పులుపెక్కిందా?" అని అడుగుతోంది. ఇంకా రెండాకుల మీదే ఉంది మరి.