గురి కుదరాలంటే ఓర్పు కావాలి

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చదువుల గురించో, పెళ్లి ఖర్చుల గురించో మాట్లాడుతానని మీరు అనుకుని ఉంటారు. ఈ రోజు రైఫిలు షూటింగు అనే ఆట గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. "ఇదేం ముచ్చట భాయ్?" అనకండి. ఇందులో మన ఇండ్ల సంగతి కూడా ఉన్నది.

నా మేనల్లుడు కాలేజీలో ఎన్.సి.సి.లో చేరి .22 రైఫిలుతో మంచి గురి చూపించాడు. షూటింగు క్యాంపుకు ఎంపికై, ఇంట్లో సంతకం కోసం కాగితం తెచ్చాడు. మా చెల్లెలు నన్ను సలహా అడిగింది. "మన పిల్లవాని చేతిలో తుపాకీ ఉన్న ఫోటో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? వద్దు" అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అన్నందుకు నేను ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఆ ఆట ఏమిటో తెలియకుండానే అన్నాను. తరువాత తెలుసుకున్నాను. ఎయిర్ రైఫిలు పోటీలో కాల్చేది 4.5 మిల్లీమీటర్ల సీసపు గుళిక. గురి 10 మీటర్ల దూరంలో ఉంటుంది. పది మార్కులిచ్చే నడిమి చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. ఐదున్నర కిలోల దాకా బరువుండే రైఫిలును కదలకుండా పట్టుకుని, ఊపిరి నిలిపి, మెల్లగా ట్రిగ్గరు నొక్కాలి. కోపిష్టికి, తొందరపాటు మనిషికి ఈ ఆట రాదు.

నేను గనిలో షాట్‌ఫైరర్‌గా పనిచేసిన వాణ్ణి. పేల్చేది క్షణం పని. అంతకు ముందు గ్యాసు చూడాలి, మందు కూరి మట్టి దట్టించాలి, దారుల్లో మనుషులను కాపలా పెట్టాలి, కేక వేసి హెచ్చరించాలి. రైఫిలు ఆట కూడా అంతే. తొమ్మిది పాళ్లు నిగ్రహం, ఒక పాలు పేల్చడం.

ఇక గగన్ నారంగ్ సంగతి వినండి. చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన మనిషి. కొడుకుకు రైఫిలు కొనడానికి తండ్రి స్థలం అమ్మారని, కుటుంబం అద్దె ఇంట్లోనే ఉండిపోయిందని పత్రికల్లో వచ్చింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఆయన ఫైనల్‌కు చేరలేదు. 2008 బీజింగ్‌లో 600కు 595 తెచ్చుకున్నారు. అన్నే మార్కులు వచ్చిన మరొకరికి ఎనిమిదో స్థానం దక్కింది, ఈయనకు తొమ్మిదోది. ఫైనల్‌కు పోయేది ఎనిమిది మందే. ఆ పోటీలోనే అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచారు. మన ఇండ్లలోనైతే "ఇక చాలు, ఏదైనా ఉద్యోగం చూసుకో" అనేవాళ్లం. ఆయన మానలేదు. 2012 జూలై 30న లండన్‌లో 701.1 మార్కులతో కాంస్య పతకం గెలిచారు. ఆ ఒలింపిక్స్‌లో మన దేశానికి అదే మొదటి పతకం. రజతానికీ దానికీ తేడా 0.4 మాత్రమే.

నడుమ 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో ఆయనకు నాలుగు బంగారు పతకాలు వచ్చాయి. అందులో ఒకటి 50 మీటర్ల రైఫిలు త్రీ పొజిషన్స్ జోడీ పోటీలోది. జోడీ ఎవరనుకున్నారు? ఇమ్రాన్ హసన్ ఖాన్. ఇద్దరి మార్కులు కలిపితేనే పతకం. ఒకరు తప్పితే ఇద్దరూ తప్పినట్టే. ఆ ఫోటో చూసి ఎవరూ ఏమీ అనుకోలేదు. దేశమంతా చప్పట్లు కొట్టింది. నేను పడ్డ భయానికి జవాబు అక్కడున్నది.

ఆడపిల్లల మాట వస్తే, హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పిస్టల్ టీముతో బంగారం తెచ్చింది. ఆట వేరైనా మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. వేరే జిల్లాల పిల్లలు చేసింది గోదావరిఖని పిల్లలకు చేతకాదా?

పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపు స్వారీ నేర్పమని హజ్రత్ ఉమర్ గారు అన్నారని మన పెద్దలు చెబుతారు. ముఖ్యం నియ్యత్. నియ్యత్ సరిగా ఉంటే రైఫిలు కూడా సబర్ నేర్పే బడే.

రైఫిలు ఖరీదు లక్షల్లో ఉంటుంది, నిజమే. అందరినీ స్థలం అమ్మమని నేను చెప్పను. సంఘం ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలను తల్లిదండ్రులతో సహా హైదరాబాదు రేంజికి తీసుకుపోయి చూపించాలి. గురి ఉన్నవాడికి శిక్షణ ఫీజులో సాయం చేయాలి. అనుమతులు, కాగితాల పని పెద్దలు దగ్గరుండి చూడాలి. మొదటి ఏడాది ఖర్చుకు నా వంతు నేను రాయించి కూర్చుంటాను.

ఇకమీద మీ ఇంట్లో ఏ పిల్లవాడైనా సంతకం కోసం కాగితం తెస్తే, వద్దనే ముందు ఒక్కసారి చదవండి. అంతే నా మనవి.

ఖుదా హాఫిజ్.