విగ్రహమునకు ఊరి పేరే ఆధారము

(ప్రొద్దుటూరులోని ఒక పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



ప్రొద్దుటూరు తూకమెరిగిన పట్టణము. ఇచటి బంగారపు అంగళ్లలో గురిగింజయెత్తు తేడా వచ్చినను త్రాసు పట్టినవాడు గుర్తించును. కాని ఊరి గుడిలోని పంచలోహ విగ్రహమును, పొలమున దొరికిన రాగిరేకును, రచ్చబండ ప్రక్కనున్న వీరగల్లును తూచు త్రాసు మన యొద్ద లేదు. వాని విలువ లోహమునందును పనితనమునందును మాత్రమే లేదు. అది ఎక్కడిది, ఎవరు నిలిపిరి, ఎవరెవరి చేతులు మారినది అను వృత్తాంతమునందు కూడ ఉన్నది. ఆ వృత్తాంతము పోయినచో మిగులునది అమ్మకపు సరుకే. ఈ సాయంకాలము మేము మనవి చేయదలచిన దింతే.

కొన్నియేండ్ల క్రిందట ఒక పల్లె పెద్దలు మా యొద్దకు వచ్చిరి. వారి గుడిలోని యుత్సవమూర్తి దొంగలపాలైనది. పిదప పోలీసువారు వేఱొకచోట పట్టిన విగ్రహములలో అదియు నున్నదని విని, పోయి చూచిరి. చూడగానే పూజారి కన్నీరు పెట్టుకొనెను. స్వామి యెడమచేతి చిటికెనవ్రేలు అభిషేకములకు అరిగియుండుటయు, పీఠము వెనుక చిన్న సొట్టయుండుటయు ఆయన తడుముకొనక చెప్పెను. ఫలమేమి? దొంగతనమైననాడు వ్రాయించిన ఫిర్యాదులో "పాత విగ్రహము ఒకటి" అని తప్ప మఱొక మాట లేదు. ఎత్తు లేదు, తూకము లేదు, ఛాయాచిత్రము లేదు. మఱియొక గ్రామమువారును అది తమదే యనిరి. పూజారి చెప్పిన గుర్తులు విగ్రహమును చూచిన పిమ్మట చెప్పినవే గదా యని ఎదుటిపక్షము వాదించినది. ఆ ప్రశ్నకు కాగితము బదులు చెప్పవలెనే గాని వకీలు చెప్పజాలడు. మేము ఓడిపోతిమి. స్వామి సర్కారు భద్రతలోనే యుండెను. ఆ పల్లెవారు నేటికిని ఉత్సవమున పటమునే ఊరేగించుచున్నారు.

ఇట్టి నష్టము మనకు చిన్నదా? మన సీమ పేదదైనను దీని నేల పేదది కాదు. ఎఱ్ఱగుంట్ల చెంతనున్న కలమళ్ల గ్రామమున రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము దొరకినది. అది ఆరవ శతాబ్దిది. తెలుగు మాటలతో నడచిన తొలి శాసనములలో ఒకటి. 2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించినదని సంతసించితిమి. ఆ సంతసమునకు ఆధారమైన రాళ్లు మన పొలముల గట్లనే యుండెను. పులివెందుల వైపున మోపూరు భైరవేశ్వరాలయము కలదు. జమ్మలమడుగు చెంత గండికోటలో మాధవరాయని గోపురము నిలిచియున్నది. లోని గర్భగుడి మాత్రము వట్టిది.

ఆ జమ్మలమడుగు చెంతనే పెన్న యొడ్డున దానవులపాడు కలదు. ఇరువదవ శతాబ్ది తొలియేండ్లలో అచట ఇసుకలో పూడియున్న జైనాలయమును పురావస్తుశాఖవారు త్రవ్వించిరి. నిత్యవర్షుడను బిరుదుగల రాష్ట్రకూటరాజు మూడవ యింద్రుడు శాంతినాథుని స్నపనమునకై చేయించిన పీఠము శాసనముతో సహా బయల్పడెను. అచటి శిల్పములు పలువు మదరాసు మ్యూజియమునకు చేరినవి. అవి మన కండ్లకు దూరమైనవి. కాని దానవులపాడు అను పేరు వానివెంట పోయినది. కనుకనే మన సీమలో జైనము వర్ధిల్లెనని నేడు చెప్పగలుగుచున్నాము. రాయి కదలినను పేరు కదలకుండుట యనగా నిదియే.

పేరు మార్చి అమ్మినచో నేమగునో చందవరము చెప్పును. ప్రకాశము జిల్లాలో గుండ్లకమ్మ యొడ్డుననున్న ఆ బౌద్ధక్షేత్రమునుండి బుద్ధుని పూజించు భక్తుల శిల్పఫలక మొకటి అపహరింపబడినది. 2005లో ఆస్ట్రేలియా జాతీయ కళామందిరమువారు దానిని న్యూయార్కు వర్తకురాలొకతె యొద్ద 5,95,000 డాలర్లకు కొనిరి. ఆ ఫలకము అంతకుముందు మన దేశముననే యున్నదని చూపు ఛాయాచిత్రము బయటపడగా, వర్తకురాలు చూపిన పూర్వచరిత్ర నిలువలేదు. 2016లో అది భారతదేశమునకు తిరిగివచ్చెను. లక్షల డాలర్ల పత్రమును ఒక పాత ఛాయాచిత్రము ఓడించినది!

చట్టము లేకపోలేదు. 1878 నాటి నిక్షేపచట్టము ప్రకారము పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకినవాడు కలెక్టరునకు తెలుపవలెను. 1972లో పురావస్తువుల చట్టము పుట్టి 1976 నుండి అమలునకు వచ్చినది. నూరేండ్లు దాటిన శిల్పము పురావస్తువు. చారిత్రక, సాహిత్యాది విలువగల వ్రాతప్రతికి డెబ్బదియైదేండ్లు చాలును. వానిని ప్రజలెవ్వరును విదేశములకు పంపరాదు. లైసెన్సు లేక వ్యాపారము చేయరాదు. కాని గుర్తులు వ్రాసిపెట్టని వస్తువును ఏ చట్టము గుర్తుపట్టును?

"గుడిని గూర్చి మనమేల వ్రాయవలె? దేవాదాయశాఖ యున్నది గదా" అందురు కొందరు. శాఖ జాబితాకెక్కని చిన్న గుళ్లు, చెట్లక్రింది రాళ్లు ఎన్ని లేవు? "ఊరిలో నుంచిన నశించును, మ్యూజియమే మేలు" అందురు మఱికొందరు. కొంత నిజమే. శాసనమున్న బండపై బట్టలుతుకుటయు, జీర్ణోద్ధరణమని శాసనములపై సున్నము కొట్టుటయు మేము కన్నులార చూచితిమి. అమరావతి శిల్పములు లండనులో నున్నవని దుఃఖించుట తగినదే. పరాయి ప్రభుత్వమున జరిగినదానిని నిందింపవచ్చును. స్వతంత్రులమైన పిదప పోయినదానికి నింద మనదే.

కర్నలు మెకంజీ కావలి సోదరులవంటి మనవారి సాయముననే ఊరూర కైఫీయతులు వ్రాయించెను. బ్రౌను దొర వానికి ప్రతులు తీయించెను. ఒక దొర కొలువులో చేసినపనిని మనవారు మన యూరికై చేయలేరా? ఈ పఠనమందిరమున ఒక పుస్తకము తెరవుడు. ప్రతి గ్రామమునకు ఒక పుట. విగ్రహమునకును శాసనమునకును ముందువెనుకల ఛాయాచిత్రములు, ఎత్తు, వెడల్పు, అరుగుదల, విరుగుడు, నిలిచిన చోటు, తేదీ, ఇద్దరు సాక్షుల సంతకములు. ఒక ప్రతి ఇచట, ఒకటి గ్రామమున, ఒకటి పురావస్తుశాఖ యొద్ద. చేతిఫోను లేని యిల్లు నేడు అరుదు గనుక కెమెరాకు కొదువ లేదు.

వచ్చు ఆదివారము మేము మొదట ఆ పల్లెకే పోవుదుము. పోయిన స్వామిని తేలేము. మిగిలిన అమ్మవారి పాదములవద్ద కొలత టేపు పెట్టి తొలి పుట వ్రాయుదుము. మాతో వచ్చువారు పేర్లిండు.